గుడ్లలో మందు అవశేషాలు టెస్ట్ చేసే ల్యాబ్: తొమ్మిది శాంపిళ్ళ తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ల్యాబ్ పేరు రాయను. పొగడాల్సినవి ఎన్ని ఉన్నాయో తిట్టాల్సినవీ అన్నే ఉన్నాయి, పైగా వచ్చే నెల మళ్ళీ నేను వాళ్ళ గడపే తొక్కాలి. హైదరాబాద్ శివార్లలో ఉండే ప్రైవేటు ల్యాబ్. తేనె, పాలు, మసాలాలు, గుడ్లు, మాంసం అన్నీ పరీక్ష చేస్తారు. రిసెప్షన్‌లో ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎంతసేపు కూర్చోబెట్టినా మంచినీళ్ళు మాత్రం మనమే అడగాలి.

మాది షాద్‌నగర్ దగ్గర చిన్న ఫారం. మూడు షెడ్లు, ఒక్కోదాంట్లో 1,200 పెట్టలు, కేజ్‌లు లేవు, ఊక మీదే తిరుగుతాయి. గుడ్లు ఒక ప్యాకింగ్ కంపెనీకి వెళ్తాయి, వాళ్ళు డబ్బాల్లో పెట్టి తమ బ్రాండ్ పేరుతో అమ్ముకుంటారు. మామూలు రేటు కంటే గుడ్డుకి కాస్త ఎక్కువే ఇస్తారు కానీ దానికి తగ్గట్టు షరతులూ ఉంటాయి. అందులో మొదటిది మందు అవశేషాల రిపోర్టు, అంటే కోళ్ళకి ఇచ్చిన మందు గుడ్డులో మిగిలిందో లేదో చెప్పే కాగితం. ఇంతకుముందు ఆర్నెల్లకోసారి ఏదో ఒక కాగితం ఇస్తే సరిపోయేది. 2025 డిసెంబరులో గుడ్లలో నైట్రోఫ్యురాన్ (ఒక జాతి యాంటీబయోటిక్ మందులు) అంటూ టీవీల్లో, ఫోన్లలో గోల మొదలైంది గుర్తుందిగా, అప్పటి నుంచి కొనేవాళ్ళ చూపే మారిపోయింది. కోళ్ళ పెంపకంలో ఆ మందులు ఏ దశలోనూ వాడకూడదని, కిలోకి 1 మైక్రోగ్రామ్ అన్న అంకె వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదని, మిషన్లు నమ్మకంగా పట్టుకోగలిగే స్థాయిని బట్టి తనిఖీల కోసం గీసుకున్న గీత అని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అప్పుడే వివరణ ఇచ్చింది. అయినా మా కంపెనీ వాళ్ళకి టెన్షన్ తగ్గలేదు, ఆ టెన్షన్ తెచ్చి మా నెత్తిన పెట్టారు.

కిలోకి 1 మైక్రోగ్రామ్ అంటే ఎంతో లెక్క వేసి చూశాను. వెయ్యి టన్నుల్లో ఒక గ్రాము. గుడ్డు 55 గ్రాములు అనుకుంటే కోటీ ఎనభై లక్షల గుడ్లలో కలిపి ఒక్క గ్రాము. దాన్ని పట్టుకునే మిషన్ ఉందంటే దణ్ణం పెట్టాల్సిందే. గొడవంతా మిషన్ దగ్గర కాదు, ఆ మిషన్‌తో ఏం వెతకమని చెప్పాం అన్న దగ్గర వస్తుంది. నాకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది, అయితే అది ఈ ల్యాబ్‌లో కాదు.

మొదట వెళ్ళింది వేరే ల్యాబ్‌కి. రేటు తక్కువ, మూడు రోజుల్లో రిపోర్టు అన్నారు. నిజంగానే మూడో రోజు సాయంత్రం వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. ఫ్యురజోలిడోన్ (నైట్రోఫ్యురాన్లలో ఒకటి): ఎన్‌డి, అంటే దొరకలేదు. నేను ఆ మందు ముట్టలేదు కాబట్టి దొరక్కపోవడం వింతేం కాదు, సంతోషంగా కంపెనీకి పంపాను. పంపిన గంటలో వాళ్ళ క్వాలిటీ అమ్మాయి ఫోన్ చేసి "అంకుల్, ఈ రిపోర్టు చెల్లదు, ఇందులో ఏఓజెడ్ లేదు" అంది. నాకు ఏఓజెడ్ అంటే ఏమిటో తెలీదు. మా తోడల్లుడు భీమవరం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు, ఎందుకో అతనికి ఫోన్ చేయాలనిపించింది. ఫోన్లోనే పకపకా నవ్వి, "అన్నయ్యగారూ, ఏఓజెడ్ చూడకుండా ఫ్యురజోలిడోన్ చూశారా? ఆ కాగితం మిరపకాయ బజ్జీలు చుట్టుకోవడానికి పనికొస్తుందండీ, అంతే" అన్నాడు. రొయ్యల వాళ్ళకి ఇది పాత పాఠం. యూరప్‌కి వెళ్ళిన కంటైనర్లు ఈ నైట్రోఫ్యురాన్ల వల్ల వెనక్కి వచ్చిన రోజులు చూసినవాళ్ళు వాళ్ళు, అక్కడ ఈ అవశేషాలు పట్టే ఎలైసా టెస్ట్ అనే మాట చెరువు గట్టు మీద కాపలావాడికి కూడా తెలుసు.

విషయం ఏమిటంటే, ఫ్యురజోలిడోన్ కోడి ఒంట్లోకి వెళ్ళాక ఆ రూపంలో ఎక్కువసేపు ఉండదు, గంటల్లోనే విరిగిపోతుంది. విరిగిన ముక్క ఒంట్లోని ప్రోటీన్లకి అతుక్కుని వారాల తరబడి కూర్చుంటుంది. ఆ ముక్క పేరే ఏఓజెడ్. పగటివేషగాడు ఊళ్ళోకి రాగానే వేషం మార్చేశాడనుకోండి, మనం పాత ఫొటో పట్టుకుని సందు సందూ తిరిగితే ఏం లాభం. ఫ్యురాల్టడోన్‌కి ఏఎంఓజెడ్, నైట్రోఫ్యురాంటోయిన్‌కి ఏహెచ్‌డీ, నైట్రోఫ్యురజోన్‌కి ఎస్ఈఎం, ఇలా ప్రతి దానికీ ఒక మారువేషం ఉంది. వీటిని కొలవాలంటే అతుక్కున్న ముక్కని ముందు పలచటి యాసిడ్‌తో ఊడగొట్టాలి, దానికి ఇంకో రసాయనం తగిలించాలి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా, దాదాపు 16 గంటలు ఉంచాలి, ఆ తర్వాతే మిషన్‌కి ఎక్కించాలి. మామూలుగా వాడే పద్ధతిలో దొడ్డిదారి లేదు. కాబట్టి ఎవరైనా సాయంత్రం ఇస్తే పొద్దున్నే నైట్రోఫ్యురాన్ రిపోర్టు ఇస్తామంటే ఏం చూస్తున్నారో గట్టిగా అడగండి. బ్రాయిలర్ల మాంసంలో అసలు మందు మాయమైపోయినా కంటి రెటీనాలో మిగిలి దొరుకుతుందని శాస్త్రవేత్తలు చూపించారట, కోడి కంట్లోకి చూసి నిజం చెప్పించడం అంటే ఇదేనేమో.

అలా ఆ డబ్బులు పోయాక ఈ రెండో ల్యాబ్‌కి వచ్చాను.

ఇక్కడ నచ్చిన మొదటి విషయం: శాంపిల్ తీసుకునే ముందే "ఏ మందు, ఎప్పుడు ఆపారు, మాంసమా గుడ్డా, పోల్చుకోవడానికా, ఎవరికైనా చూపించడానికా" అని అడిగారు. మొదటి ల్యాబ్‌లో బిల్లు ఎవరి పేరు మీద అని తప్ప ఏమీ అడగలేదు. రెండోది, వాళ్ళ ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) స్కోప్ కాగితం అడిగితే విసుక్కోకుండా తీసి చూపించారు. ఇది చాలామందికి తెలీదు. గోడ మీద సర్టిఫికెట్ ఉంటే అన్నిటికీ ఉన్నట్టు కాదు. ఏ పదార్థంలో, ఏ మందుకి, ఏ పద్ధతిలో గుర్తింపు ఉందో స్కోప్‌లో లైను లైనుగా రాసి ఉంటుంది. తేనెలో టెట్రాసైక్లిన్‌కి గుర్తింపు ఉన్నంత మాత్రాన గుడ్డులో ఏఓజెడ్‌కి ఉండాలని లేదు. వీళ్ళకి గుడ్డు ఉంది, నాలుగు మెటబొలైట్లూ, అంటే ఆ విరిగిన ముక్కలూ ఉన్నాయి. ఎన్‌డి అని రాస్తే ఎంత కంటే తక్కువో పక్కనే ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగలిగే కనీస స్థాయి) అంకె కూడా రాస్తారు. ఆ అంకె లేని ఎన్‌డి నాకు ఇప్పుడు పేరు రాయని చెక్కులా కనపడుతుంది.

మా గుడ్లలో నాలుగూ లేవు అని వచ్చింది. ఖర్చు శాంపిల్‌కి పన్నుతో కలిపి మొదటి ల్యాబ్‌కి దాదాపు రెండింతలు. ఏడ్చుకుంటూ కట్టాను కానీ కట్టినందుకు బాధ లేదు.

అసలు కథ ఎండలు ముదిరాక మొదలైంది. రెండో షెడ్డులో ఇ-కోలి బ్యాక్టీరియా జబ్బు వచ్చింది, రోజుకి నాలుగు, ఆరు, తొమ్మిది పెట్టలు పోతున్నాయి, కోసి చూస్తే కడుపులో పచ్చటి గుడ్డు సొన, చీము. డాక్టర్ గారు వచ్చి చూసి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ అయిదు రోజులు నీళ్ళలో ఇవ్వమన్నారు. కంపెనీకి చెప్పే ఇచ్చాం, ఆ షెడ్డు గుడ్లు పక్కన పెడతామని మాట ఇచ్చాం. ఒక మాట ఇక్కడ చెప్పాలి, యూరప్‌లో మనుషులు తినే గుడ్లు పెట్టే కోళ్ళకి ఈ మందు ఇవ్వడానికే లేదు, అమెరికాలో అయితే 2005 సెప్టెంబరు నుంచి మొత్తం కోళ్ళ రంగంలోనే ఆపేశారు, మనుషులకి వచ్చే క్యాంపిలోబ్యాక్టర్ జబ్బు మీద ఇదే జాతి మందులు పనిచేయకుండా పోతున్నాయని. ఇక్కడ డాక్టర్లు రాస్తారు, షెడ్డులో శవాలు ఎత్తేవాడికి ఆ క్షణంలో అమెరికా గుర్తుకురాదు. ఇప్పుడైతే ముందు కల్చర్ టెస్ట్ (ఆ క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో చూసేది) చేయించి, వేరే దారి ఉందేమో చూశాకే ఒప్పుకుంటాను.

మందు సీసా మీద చిన్న అక్షరాల్లో గుడ్లకి 7 రోజులు అని ఉంది. ఆ 7 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 2012 జనవరిలో డ్రగ్స్ రూల్స్‌లో మార్పు తెచ్చి, పశువుల మందుల లేబుల్ మీద ఉపసంహరణ కాలం, అంటే మందు ఆపాక ఎన్ని రోజులు ఆగాలో రాయాలన్నారు. ఆ మందుకి ప్రత్యేకంగా తేల్చిన లెక్క లేకపోతే పాలకి, గుడ్లకి కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు అని పెట్టారు. అంటే సీసా మీద 7 కనపడితే అది ఆ మందుని పెట్టలకి ఇచ్చి, గుడ్లు ఏరి, కొలిచి తేల్చిన 7 అయినా కావచ్చు, ఏ లెక్కా లేనప్పుడు వేసే 7 అయినా కావచ్చు. ఈ రెంటిలో ఏది అన్నది లేబుల్ చూసి మనం చెప్పలేం.

నాకు ఒకటి తేడాగా అనిపించింది. పచ్చసొన పూర్తిగా ఎదగడానికి దాదాపు 10 రోజులు పడుతుంది కదా. పెట్ట కడుపులో చిన్నా పెద్దా సొనలు ద్రాక్ష గుత్తిలా వేలాడుతూ వరసలో ఉంటాయి, కోసి చూసిన ప్రతివాడికీ తెలుసు. వాటికి కొవ్వూ ప్రోటీనూ కార్జం నుంచి రక్తంలో వస్తాయి, రక్తంలో మందు ఉంటే దాంతో పాటే సొనలోకి దిగుతుంది. తెల్లసొన అలా కాదు, సొన విడుదలయ్యాక మూడు గంటల్లో చుట్టూ చేరుతుంది, ఆ తర్వాత పెంకు కట్టడానికి ఇంకో 20 గంటలు. అంటే తెల్లసొన నిన్నటి రక్తం సంగతి చెబుతుంది, పచ్చసొన గడిచిన పది రోజుల చిట్టా మొత్తం దాచుకుంటుంది. మరి మందు ఆపిన 8వ రోజున పెట్టిన గుడ్డులోని పచ్చసొన మందు నడుస్తుండగానే మొదలై ఉంటుంది కదా? ఇదే ల్యాబ్‌లో కెమిస్ట్ గారిని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "అడిగేవాళ్ళు తక్కువ సార్, కూర్చోండి" అన్నారు. అప్పటిదాకా నన్ను నిలబెట్టే మాట్లాడారు మరి.

ఆయన సలహా మీద ఒక్క శాంపిల్ కాకుండా వరసగా ఇచ్చాను. మందు ఆపిన 1, 4, 8, 11, 15వ రోజుల్లో, ఒక్కో రోజు ఆ షెడ్డులో అక్కడక్కడ నుంచి ఏరిన 12 గుడ్లు. చట్టం లెక్క మొత్తం గుడ్డు మీదే, కానీ నా తృప్తి కోసం 8, 11 రోజులవి తెల్లసొన వేరు, పచ్చసొన వేరు చేసి కొలవమన్నాను. అలా చేస్తే రెండు శాంపిళ్ళ కింద బిల్లు వేశారు, అది న్యాయమే. ఎన్రోఫ్లాక్సాసిన్ ఒక్కటే కాకుండా సిప్రోఫ్లాక్సాసిన్ కూడా చూశారు, ఎందుకంటే కోడి కార్జంలో ఎన్రో నుంచి ఒక చిన్న ముక్క తెగితే అది సిప్రో అవుతుంది, అవును, మనం విరేచనాలకి మింగే ఆ మాత్రే. యూరప్‌లో మాంసం లెక్క చూసేటప్పుడు ఈ రెండూ కలిపే చూస్తారు, కోడి కండకి కిలోకి 100 మైక్రోగ్రాములు, కార్జానికి 200, కిడ్నీకి 300. మందు విరిగేదీ, బయటకి పోయే దారి పట్టేదీ అక్కడే కాబట్టి కార్జం, కిడ్నీల్లో ఎక్కువ ఉంటుంది.

ఫలితాలు: మొదటి రోజు గుడ్డు నిండా ఉంది, అది ఊహించిందే. 4వ రోజుకి బాగా పడిపోయింది. 8వ రోజు, అంటే సీసా ప్రకారం నేను హాయిగా అమ్ముకోవచ్చన్న రోజు, తెల్లసొనలో కొలవలేనంత తక్కువ, పచ్చసొనలో మాత్రం శుభ్రంగా కనపడింది. 11వ రోజుకి పచ్చసొనలో అటో ఇటో అన్నట్టు అంచు మీద ఉంది. 15న ఎన్రో, సిప్రో రెండూ లేవు. ఇది నా ఒక్క షెడ్డు కథ, 12 గుడ్లు కలిపి గిలక్కొట్టి కొలిస్తే వచ్చేది సగటే, వాటిలో ఒక గుడ్డులో ఎక్కువ ఉన్నా ఆ సగటు దాన్ని దాచేస్తుంది అని కెమిస్ట్ గారే చెప్పారు. దీన్ని పట్టుకుని ఎవరూ మీ ఫారంలో లెక్కలు వేసుకోకండి.

ఇంకో చిక్కు కూడా ఆయనే విప్పారు. కోడికి మూత్రాశయం లేదు. కిడ్నీ నుంచి వచ్చేదీ పేగు నుంచి వచ్చేదీ ఒకే దారిలో కలిసి రెట్టగా పడుతుంది, పైన తెల్లగా కనపడేదే మూత్రం. అందులో కొంత మళ్ళీ వెనక్కి, పేగులోకి ఎక్కుతుంది కూడా. అందుకే ఏ మందు మూత్రంలో ఎంత పోతోంది, పేగు దారిన ఎంత పోతోంది అని విడదీసి కొలవాలంటే పరిశోధన చేసేవాళ్ళు ఆపరేషన్ చేసి దారులు వేరు చేయాల్సి వస్తుందట. మన షెడ్డులో ఇది ఇంకోలా తగులుతుంది. కేజ్ కోడి రెట్ట కింద పడిపోతుంది, దానికి మళ్ళీ అందదు. నా కోళ్ళు ఊక మీద తిరుగుతాయి, పొద్దస్తమానం కెలుకుతాయి, రెట్టలో పోయిన మందుని మళ్ళీ ముక్కుతో ఏరుకుంటాయి. నేను మందు ఆపాను, ఊక ఆపలేదు. కేజ్ లేదని గుడ్డుకి రేటు ఎక్కువ తీసుకునేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఊక శాంపిల్ కూడా ఇస్తాను, కొలవండి అన్నాను. "దానికి మా దగ్గర సరిచూసిన పద్ధతి లేదు సార్, అంకె ఇవ్వగలం కానీ ఆ అంకెని మేమే నమ్మం" అన్నారు. డబ్బులు వస్తుంటే వద్దన్న ల్యాబ్ ఇదొక్కటే, ఒక స్టార్ అచ్చంగా ఆ మాటకి.

పెద్ద కంపెనీలు కొత్త మందు తెచ్చేటప్పుడు ఇదంతా ఎలా కొలుస్తాయో కూడా కొంత చెప్పారు. మందు అణువులో రేడియోధార్మిక కార్బన్ పెట్టి కోళ్ళకి ఇస్తారు, ఆ ఆనవాలు కండలో, కార్జంలో, గుడ్డులో, రెట్టలో ఎక్కడెక్కడ తేలిందో మొత్తం లెక్క కడతారు. విరిగిన ముక్కల్లో ఏది మిగతా వాటికి గుర్తుగా పనికొస్తుందో చూసి దాన్ని మార్కర్ అంటారు, ఆ తర్వాత ల్యాబులు వెతికేది దాన్నే. రోజు రోజుకీ అది ఎలా తగ్గుతోందో గీత గీసి, ఒకటీ అరా మొండి కోడి కూడా హద్దు కిందకి వచ్చేలా రోజులు నిర్ణయిస్తారు. కానీ ఆ కొలతలకి మామూలుగా వాడేది ఆరోగ్యంగా ఉన్న కోళ్ళు. మనం మందు ఇచ్చేది కార్జం వాచి, కిడ్నీ దెబ్బతిన్న కోళ్ళకి. పైగా ఎండల్లో కోడి నీళ్ళు విపరీతంగా తాగుతుంది, లీటరుకి ఇంత అని కలిపితే డోసు దానంతట అదే పెరిగిపోతుంది. మా వాడు ఏప్రిల్‌లో కూడా చలికాలం లెక్కనే కలిపాడని ఫలితాలు వచ్చాక తెలిసింది, వాణ్ణి ఏమనగలను, ఆ లెక్క చెప్పింది నేనే.

ఇప్పుడు తిట్లు. అయిదు పని దినాల్లో రిపోర్టు అన్నారు. 8వ రోజు శాంపిల్ రిపోర్టు నా చేతికి వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది సార్". ఆ షెడ్డులో రోజుకి వెయ్యి గుడ్లు, అంటే 33 ట్రేలు. అమ్మాలా వద్దా తెలీదు, దాచడానికి చల్లటి గది లేదు, 7 రోజులు దాటాక కూడా గొయ్యి తీసి సున్నం చల్లి పాతిపెడుతూనే ఉన్నాం. మా ఆవిడ మూడో రోజు నుంచి గొయ్యి వైపు రావడమే మానేసింది. పాతేసిన గుడ్లలో మందు ఉందన్న సంగతి అవి భూమిలోకి పోయాక తెలిసింది. నా నిర్ణయం సరైందే అయింది, కానీ అది వాళ్ళ రిపోర్టు వల్ల కాదు, నా భయం వల్ల. అంతకంటే మండించింది ఏమిటంటే, ఎక్స్‌ప్రెస్ సర్వీస్ ఉందట, ఎక్కువ కడితే రెండు రోజుల్లో ఇస్తారట, ఆ ముక్క ఆఖరి శాంపిల్ ఇచ్చేటప్పుడు బిల్లు రాసే కుర్రాడు యథాలాపంగా అన్నాడు. ముందే చెబితే కట్టేవాణ్ణి కదా నాయనా, గొయ్యిలో పోసింది దానికి ఎన్ని రెట్లో నీకేం తెలుసు.

రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. అది సరే అనుకున్నా, అందులో ఎల్‌ఓడీ (కనిపెట్టగలిగే కనీస స్థాయి), ఎల్‌ఓక్యూ, బీఎల్‌క్యూ, ఎన్‌డి అని నాలుగు రకాలుగా "తక్కువ" అని రాస్తారు, తేడా ఎక్కడా చెప్పరు. ఎన్‌డి అంటే కనపడలేదు, బీఎల్‌క్యూ అంటే కనపడింది కానీ ఎంతో నమ్మకంగా చెప్పలేం అని. రైతుకి ఈ రెండూ ఒకటి కాదు, నా 11వ రోజు పచ్చసొన సరిగ్గా ఆ సందులోనే ఉంది. కెమిస్ట్ గారితో మాట్లాడబట్టి అర్థమైంది. ఆయనతో మాట్లాడాలంటే రిసెప్షన్‌లో పంతం పట్టి కూర్చోవాలి, ఫోన్‌లో కలపరు.

శాంపిల్ పంపడం ఇంకో తలనొప్పి. ఒకసారి కొరియర్‌లో పంపితే 12కి 5 పగిలి చేరాయి, పగిలినవి తీసుకోం అన్నారు, అది వాళ్ళ తప్పు కాదు. అప్పటి నుంచి థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టి నేనే బండి మీద తీసుకెళ్తున్నాను. శనివారం మధ్యాహ్నం తర్వాత తీసుకోరు, ఈ మాట ఎక్కడా రాసి ఉండదు, వెళ్ళాక వాచ్‌మన్ చెబుతాడు.

షెడ్డులోనే చూసుకునే స్ట్రిప్ కిట్లు కూడా తెప్పించి చూశాను, ప్రెగ్నెన్సీ టెస్ట్ లాగా గీతలు వచ్చేవి. పాలకి ఇవి బాగా నడుస్తాయంటారు. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి సొనలో కొవ్వు వల్ల ముందు శుభ్రం చేసే పని ఎక్కువ, ఒక్కోసారి గీత మసకగా వచ్చి ఉందా లేదా అని మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా చదివాం. ఎక్కువగా ఉన్నప్పుడు ఉందని తేల్చడానికి పర్లేదు. దాని మీద ఆధారపడి లోడు పంపే ధైర్యం నాకు లేదు. ల్యాబ్‌లో చేసే ఎలైసా కూడా వడపోత లాంటిదే, అనుమానం వస్తే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే పెద్ద మిషన్ మీద ఖాయం చేసుకోవాలి. వీళ్ళ దగ్గర రెండూ ఉన్నాయి, ఏది చేశారో రిపోర్టులో రాస్తారు కూడా.

ఊక మీద పెంచేవాళ్ళకి ఇంకొకటి. పేన్లకీ పురుగులకీ చల్లే మందుల సంగతి కూడా ల్యాబ్‌ని అడగండి. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలో గుడ్ల మీద వచ్చిన ఫిప్రోనిల్ (ఒక పురుగుల మందు) గొడవలో కోళ్ళకి ఎవరూ దాన్ని మేతలో పెట్టలేదు, ఎర్ర పురుగు పోవాలని షెడ్లలో కొట్టిన మందులో అది దొంగతనంగా కలిసి వచ్చింది. కోడి ఒంట్లో అది ఫిప్రోనిల్ సల్ఫోన్‌గా మారి కొవ్వులో చేరింది, కొవ్వు నుంచి పచ్చసొనలోకి. మనం రెట్టే విసర్జన అనుకుంటాం, కొవ్వులో కరిగే మందుకి గుడ్డు కూడా బయటకి పోయే దారే, పెట్ట రోజూ కొంత కొంత మనకి పార్సిల్ కట్టి ఇస్తుంది. ఆ గొడవలో కోట్ల గుడ్లు వెనక్కి తీసుకున్నారు, చాలా ఫారాల్లో కోళ్ళనే తీసేయాల్సి వచ్చింది. ఈ ల్యాబ్ గుడ్ల ప్యాకేజీలో ఫిప్రోనిల్ ఉంది, సల్ఫోన్ ఉందా అంటే లిస్టు చూసి ఉందన్నారు. అడగకపోతే చెప్పరు, ఇది వీళ్ళ జబ్బు.

స్టార్లు అడిగితే మిషన్లకి, కెమిస్ట్ గారికి 5, రిసెప్షన్‌కి 2, టైముకి 1 కూడా దండగ. మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తాను, వచ్చే నెల మూడో షెడ్డు రిపోర్టు గడువు ఉంది, ఈసారి ఎక్స్‌ప్రెస్ అని ఫారం మీద నేనే పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను. మీరు వెళ్ళేట్టయితే మందు పేరు, ఇచ్చిన తేదీలు, ఆపిన తేదీ, కోళ్ళ వయసు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అది చూపిస్తే వాళ్ళ మాట తీరే మారుతుంది. థర్మాకోల్ డబ్బా మీద మీ పేరు మార్కర్‌తో రాయండి, నావి రెండు డబ్బాలు అక్కడే ఉండిపోయాయి, అడిగితే "చూస్తాం సార్" అన్నారు, మొన్న వెళ్ళినప్పుడు ఒకదాంట్లో వాచ్‌మన్ మంచినీళ్ళ సీసాలు పెట్టుకుని కనిపించాడు.